హనుమకొండలో రెండు రోజుల లైటింగ్ వర్క్‌షాప్: ఏడాదిన్నర తర్వాత రాస్తున్న రివ్యూ

వర్క్‌షాప్ అయిపోయిన సాయంత్రమే రాసి ఉంటే కళ్లు మూసుకుని అయిదు స్టార్లు ఇచ్చేవాణ్ని. పదేళ్లుగా ఎవరి ఫొటోలు చూసి పని నేర్చుకున్నానో ఆయనే ఎదురుగా నిలబడి లైటు పెడుతుంటే ఇంకేం కనపడుతుంది? అందుకే ఆగాను. అప్పటినుంచి నలభైకి పైగా పెండ్లిళ్లు తీశాను. అక్కడ విన్నవాటిలో చేతికి అంటుకున్నదేదో, నోటుపుస్తకంలోనే మిగిలిపోయిందేదో ఇప్పుడు తెలుసు.

ఫీజు 6,500. ఫంక్షన్ హాల్ పై అంతస్తులో పెట్టారు. కరీంనగర్, జనగామ, ములుగు, మంచిర్యాల నుంచి ముప్పై మంది దాకా వచ్చాం, దాదాపు అందరం పెండ్లిళ్లు తీసేవాళ్లమే.

మొదటి రోజు పొద్దున కెమెరా బ్యాగులు తెరవనివ్వలేదు. కర్టెన్లన్నీ వేయించి ఒక కుర్చీ, అందులో ఒక మనిషి, ఒకే ఒక లైటు. "ముక్కు నీడ ఎటు పడ్డదో చెప్పుండ్రి" అన్నారు సార్. లైటు పైకి లేపారు, పక్కకు జరిపారు, దగ్గరికి తెచ్చారు. ప్రతిసారీ అదే ప్రశ్న. నీడ అంచు కత్తిలా ఉందా, కరిగిపోయిందా? గంటన్నర ఇదే నడిచింది. పక్కనున్న మంచిర్యాల తమ్ముడు "అన్నా, సెట్టింగులు ఎప్పుడు చెప్తరే?" అని గొణిగాడు. నాకూ అప్పుడు అదే అనిపించింది. ఈరోజు అడిగితే ఆ గంటన్నరకే మొత్తం ఫీజు ఇచ్చేస్తాను. అంతకుముందు నేను ఫొటో కొట్టి, వెనక తెర చూసి, లైటు సర్దేవాణ్ని. ఇప్పుడు పెండ్లికూతురు పీటల మీద కూర్చోగానే ముందు ముక్కు నీడ చూస్తాను, తర్వాతే కెమెరా ఎత్తుతాను.

లైటు మెత్తగా పడాలంటే సాఫ్ట్‌బాక్స్, అంటే లైటు ముందు తెల్ల గుడ్డ బిగించిన డబ్బా, ఉంటే చాలనుకునేవాణ్ని. కాదు. కూర్చున్న మనిషికి ఆ లైటు ఎంత పెద్దగా కనపడుతుందన్నదే లెక్క. సూర్యుడు ఎంత పెద్దవాడైనా అంత దూరం నుంచి మనకు చిన్న బిళ్లే, అందుకే ఎండలో నీడ అంత పదును. రెండడుగుల సాఫ్ట్‌బాక్స్‌ను పదడుగుల దూరంలో పెట్టినా ఇదే గతి. నర్సంపేట వైపు ఒక ఊర్లో నలుగు ఫొటోలకు గుమ్మానికి తెల్ల పంచె అడ్డంగా కట్టించి, అవతల నుంచి ఫ్లాష్ కొట్టాను. పంచె మొత్తం లైటయింది. పసుపు ముఖాలు ఎంత నిండుగా వచ్చాయో!

దూరం లెక్క కూడా బాగా పనికొచ్చింది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని అందరం ఎక్కడో చదివిందే. సార్ దాన్ని గోడ మీద చూపించారు. మనిషికి మూడడుగుల్లో లైటు, మనిషి వెనక తొమ్మిదడుగుల్లో గోడ, అంటే లైటుకు పన్నెండడుగులు. గోడకు అందేది పదహారో వంతు, అంటే నాలుగు స్టాపులు తక్కువ (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది), దాదాపు చీకటి. అదే లైటును మనిషికి పన్నెండడుగుల దూరానికి జరిపితే గోడకు మూడో వంతు దాకా అందుతుంది. స్టేజీ మీద పన్నెండు మంది గ్రూపుకు లైటు ఎందుకు దూరం పెట్టాలో నాకు ఆరోజు అర్థమైంది. దగ్గర పెడితే ఈ చివర మేనమామ తెల్లగా, ఆ చివర బాబాయి నల్లగా వస్తారు.

రెండో రోజు తెల్లారగానే వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లారు. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, శివుడు, విష్ణువుతో పాటు సూర్యుడికీ గర్భగుడి ఉంది. ఫ్లాష్ లేదు, స్టాండు లేదు, చూడటమే పని. నున్నగా తీర్చిన నల్లరాతి స్తంభం ముందు నిలబెట్టి ఒక్కో అడుగు పక్కకు జరగమన్నారు. ఒకచోట స్తంభం మసిబొగ్గులా ఉంది. రెండడుగులు జరగగానే ఆకాశం అందులో పడి మెరిసింది. వెలుగు ఏ కోణంలో తగిలితే అదే కోణంలో వెనక్కి పోతుంది, ఆ దారిలో మనం నిలబడితేనే మెరుపు. బంగారమూ అంతే. వడ్డాణానికి, కాసులపేరుకు నేరుగా ఫ్లాష్ కొడితే తెల్ల చుక్కలు తప్ప ఏమీ రావు. పక్కన థర్మాకోల్ షీట్ పట్టించి దానికి లైటు కొడితే, బంగారంలో ఆ తెలుపు పడి నగ నిండా వెలుగు పరుచుకుంటుంది.

ఇక లోపాలు. ముప్పై మందికి ఒకే లైట్ల సెట్టు. నా వంతుకు నాలుగు నిమిషాలు దొరికాయి, అది చాలా అన్యాయం. మోడల్‌గా బాగా తెల్లగా ఉన్న అమ్మాయిని తెచ్చారు. మా దగ్గర పెండ్లికూతుళ్లు ఎక్కువమంది చామనఛాయ, ముహూర్తానికి కట్టేదేమో తెల్ల మధుపర్కాలు. ముఖానికి వెలుగు సరిపెడితే చీర తెల్ల కాగితం అవుతుంది, చీర చూసుకుంటే ముఖం మసకబారుతుంది. మాకున్న అసలు కష్టం ఇదే, దీని గురించి ఒక్క మాట లేదు. సాఫ్ట్‌బాక్స్‌ను కొంచెం పైకి తిప్పి, దాని అంచు వెలుగు మాత్రమే చీర మీద పడేలా చేయడం నేను ఒక సీజనంతా తంటాలుపడి నేర్చుకున్నాను.

ఎల్‌ఈడీ లైట్ల సంగతీ చెప్పలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. సైలెంట్ షట్టర్‌లో (చప్పుడు లేకుండా తీసే పద్ధతి) షట్టర్ స్పీడ్ సెకనులో 1/500 వంతు పెట్టి తలంబ్రాలు తీస్తే ఫొటోల నిండా నల్ల చారలు. ఆ తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా! ఇప్పుడు అట్లాంటి హాళ్లలో 1/100 దాటను.

ఇంత చెప్పాక కూడా ఆయన మీద నాకున్న గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు. రెండో రోజు భోజనాల దగ్గర మెట్ల మీద కూర్చుని నా ఆల్బమ్ మొత్తం తిరగేశారు. అప్పగింతల పేజీ దగ్గర ఆగి, "అమ్మ ఏదయ్యా?" అన్నారు. ఉంది, ప్రతి ఫొటోలో ఉంది. బిడ్డ మీద వెలుగుంది, పట్టుకుని ఏడుస్తున్న తల్లి ముఖం మొత్తం చీకట్లో ఉంది. పదేళ్లలో నాకది ఒక్కసారీ కనపడలేదు. ఆరోజు నుంచి అప్పగింతలప్పుడు మా అసిస్టెంట్ పిల్లవాడు రెండో ఫ్లాష్ పట్టుకుని తల్లి వైపే నిలబడతాడు.

మళ్లీ పెడితే మళ్లీ వెళ్తాను. ఈసారి డబ్బు కట్టేముందు ఎంతమందిని తీసుకుంటున్నారో అడుగుతాను, పదిహేను దాటితే ఆగుతాను. మీరు వెళ్తే సొంత ఫ్లాష్, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్, ఒక లైటు గొడుగు తీసుకెళ్లండి, అక్కడి ఖరీదైన లైట్లతో సాధన చేస్తే ఇంటికొచ్చాక చేయి ఆడదు. మొదటి రోజు పొద్దున మాత్రం ఆలస్యంగా వెళ్లకండి.