పాత ప్యాలెట్లతో కట్టిన కోళ్ల గూడు: 6 ఏళ్ల వాడకం తర్వాత

పెరట్లో ఆరు పెట్టల కోసం నేను సొంతంగా కట్టిన గూటికి ఇప్పుడు 6 ఏళ్లు నిండాయి. గోడలకు సరుకు దింపాక పక్కన పడేసే చెక్క ప్యాలెట్లు, తలుపుకు పాత బీరువా తలుపు, గాలి కోసం విప్పేసిన ఇంటి కిటికీ ఊచల చట్రం, కప్పుకు ఒక షెడ్డు నుంచి మిగిలిన రేకులు వాడాను. కొత్తగా కొన్నవి మేకులు, మరలు, కీళ్లు మాత్రమే. మొదటి నెలలోనే ఈ సమీక్ష రాసి ఉంటే గూటిని ఆకాశానికి ఎత్తేసేవాణ్ణి. పాత సామానులో ఏది గూటికి పనికొస్తుందో, ఏది పనికిరాదో నాకు రెండో ఏడు గడిచాక గాని తెలిసిరాలేదు.

కొలతల విషయంలో నాకు పెద్దగా పేచీ లేదు. లోపలి నేల 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అంటే కోడికి 4 చదరపు అడుగులు. బయట తిరిగే ఆవరణ మరో 60 చదరపు అడుగులు. గుడ్లు పెట్టడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న గళ్లు రెండు చేశాను. రెండూ ఒకేలా ఉన్నా, అన్ని పెట్టలకూ ఎడమవైపు గడే కావాలి. అందులో ఒకటి కూర్చుంటే మిగతావి బయట నిలబడి అరుస్తాయి. తప్పు చేసింది దండె దగ్గర. రాత్రి కూర్చునే కర్రను గళ్ల కంటే కిందికి బిగించాను. కోళ్లు ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తైన చోటే పడుకుంటాయి కాబట్టి అవి గళ్లలోకి చేరాయి, తెల్లారేసరికి వాటిలో పరిచిన గడ్డి అంతా రెట్టతో నిండేది. కర్రను గళ్ల కంటే జానెడు పైకి మార్చాక నాలుగు రోజుల్లో ఆ బెడద తీరింది.

ప్యాలెట్లు ఏరుకునేటప్పుడు ముద్ర చూడాలని ముందే చదివి ఉండటం మంచిదైంది. దేశాల మధ్య సరుకు మోసే ప్యాలెట్ల మీద హెచ్‌టీ అని ఉంటే ఆ చెక్కను లోపలి భాగం సహా 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం. అలాంటివి కనిపించినవన్నీ పక్కన పెట్టేశాను. ముద్ర సరైనదే అయినా నూనె మరకలు, ఘాటు వాసన ఉన్నవాటిని కూడా వదిలేశాను. అంత జాగ్రత్తపడినవాణ్ణి బీరువా తలుపు దగ్గర మాత్రం కళ్లు మూసుకున్నాను. దాని పాత రంగు పెచ్చులుగా లేస్తుంటే పెట్టలు వాటిని ఏరి మింగడం ఒక మధ్యాహ్నం చూశాను. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, కోడి మింగిన సీసం గుడ్డులోకి చేరుతుంది. రంగు గీకితే ఆ ధూళి నా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని తలుపునే తీసేసి రంగు లేని పలకలతో ఇంకొకటి చేశాను.

అసలు దెబ్బ గోడల నుంచి తగిలింది. ప్యాలెట్ అంటే రెండు వరుసల పలకలు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ ఎండను ఆపుతుందని సంబరపడి రెండు వరుసలనూ అలాగే ఉంచాను. రెండో వేసవిలో కోళ్లు చీకటి పడినా లోపలికి పోకుండా తలుపు ముందు తచ్చాడటం మొదలుపెట్టాయి. జుట్లు పాలిపోయాయి, గుడ్లు తగ్గాయి. పగలు ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఒక రాత్రి టార్చి పట్టుకుని వెళ్లి, తెల్ల కాగితాన్ని దండె అడుగున రాసి చూస్తే దాని మీద నెత్తుటి గీతలు పడ్డాయి. కోళ్ల రక్తం తాగే ఎర్ర నల్లులవి (రెడ్ మైట్), మంచాల్లో దూరే నల్లులు కావు, ఒక్కోటి మిల్లీమీటరు కూడా ఉండదు. పగలంతా పలకల సందుల్లో దాక్కుని రాత్రి కోళ్ల మీదికి పాకుతాయి, తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి గూడు ఖాళీగా ఉంచినంత మాత్రాన పోవు. వేడి వాతావరణంలో వారం పది రోజులకే కొత్త తరం తయారవుతుంది. లోపలి పలకలన్నీ ఊడదీసి, మిగిలిన వరుసను మరిగే నీళ్లతో కడిగి, పగుళ్లు పూడ్చి, చిక్కటి సున్నం కొట్టి, వారం వారం అదే పని చేస్తూ పోతే వాటిని అదుపులోకి తేవడానికి రెండు నెలలు పట్టింది. ఈ పని మళ్లీ చేయాల్సి వస్తే ప్యాలెట్లను పూర్తిగా విప్పి ఒకే వరుస పలకలతో గోడ కడతాను.

జాలీ కూడా పాతదే వాడాను. తోట కంచె నుంచి తీసిన ఆరుపలకల కళ్ల సన్నతీగ వల. అది కోడిని లోపల ఉంచుతుంది గాని కుక్కను బయట ఆపలేదు. మూడో ఏట ఒక తెల్లవారుజామున రెండు పెట్టలు పోయాయి. వలలో అరచేయి పట్టేంత కన్నం, తీగ కొసలు లోపలివైపు వంగి ఉన్నాయి. ఇప్పుడు చుట్టూ అర అంగుళం కళ్ల వెల్డింగ్ జాలీ ఉంది. తవ్వి లోపలికి రాకుండా దాన్నే అడుగు వెడల్పున బయటివైపు నేల మీద పరిచి మట్టి కప్పాను. దీన్ని మాత్రం కొత్తదే కొనాలి, ఇందులో మరో మాట లేదు.

కప్పు సంగతి నవ్వు తెప్పిస్తుంది. రేకుల వేడి తగ్గుతుందని పాత టీవీ పెట్టెలోని థర్మాకోల్ ముక్కలు కింద అతికించాను. దానాకంటే అదే రుచి అన్నట్టు దండె మీంచి మెడలు చాచి పొడిచి తినేశాయి. చివరికి రేకుకూ గోడకూ మధ్య ఆరంగుళాల సందు వదిలి జాలీ కొట్టాను. వేడితోపాటు రెట్ట నుంచి లేచే అమోనియా ఘాటు, చలికాలంలో రేకు కింద పట్టే నీటి చెమ్మ కూడా ఆ సందుతోనే తగ్గాయి.

మొదట కట్టిన సామానులో కిటికీ చట్రం, రేకులు, బయటి వరుస పలకలు ఇప్పటికీ ఉన్నాయి. పడమటి గోడ అడుగు పలక వాన చినుకుల తాకిడికి మెత్తబడింది, వేలితో నొక్కితే దిగుతోంది. వానలు తగ్గగానే దాన్ని తీసి గోడను ఇటుకల మీదికి ఎత్తి నిలబెట్టాలి. మొదటి ఆరు పెట్టల్లో ఒకటే మిగిలింది. పది రోజులకో గుడ్డు పెడుతుంది, అదీ ఎడమవైపు గడిలోనే.