ఒక మీటరు రేడియో పడవ: నాలుగు సీజన్ల పోటీల తర్వాత సమీక్ష

ఇంటర్నేషనల్ వన్ మీటర్, పొట్టిగా ఐఓఎం, రేడియోతో నడిపే తెరచాప పోటీ పడవల తరగతి. 1988లో ఈ తరగతి నిబంధనలు వచ్చాయి. హల్ (పడవ ఒడలు) పొడవు 1000 మి.మీ. దాటకూడదు, పడవ బరువు 4000 గ్రాములకు తగ్గకూడదు, నీటిలోకి దిగే లోతు 420 మి.మీ. మించకూడదు. ఫిన్ (అడుగున నిలువుగా దిగే పలక), దాని కింది సీసపు బల్బు కలిపి 2200 నుంచి 2500 గ్రాముల మధ్య ఉండాలి. చుక్కాని 75 గ్రాములు మించకూడదు. హల్‌లో కార్బన్ వాడకూడదు, మాస్ట్ (తెరచాప స్తంభం) సాధారణంగా అల్యూమినియంది. గాలిని బట్టి మార్చుకోవడానికి మూడు రిగ్గులు (మాస్ట్, తెరచాపలు, వాటి తీగల జతలు): ఎ, బి, సి. రేడియోతో నడిచేవి రెండే, ఒకటి చుక్కాని, రెండోది తెరచాపల తాళ్లు.

ఈ సమీక్ష విడిభాగాల నుంచి కట్టుకున్న ఫైబర్‌గ్లాస్ పడవ గురించి. నాలుగు సీజన్లు వారం వారం నీళ్లలోకి దిగాక తేలిన మాట ఇది: అందరూ మాట్లాడేది హల్ గురించి, ఓడించేది మాత్రం లోపలికి చేరే నీరు, చిక్కుపడే విన్చ్ (తెరచాపల తాళ్లు లాగే మోటారు) తాడు, నిన్నటిలా ఇవాళ నిలబడని రిగ్గు.

హల్‌ను అంత చిన్నచూపు ఎందుకంటే, లెక్క అలా ఉంది. నీటిని పక్కకు నెట్టుకుంటూ వెళ్లే పడవకు తన అలే అడ్డుగోడ. ఆ వేగం సెకనుకు సుమారు 1.25 మీటర్లను నీటిగీత పొడవు వర్గమూలంతో గుణిస్తే వస్తుంది. మీటరు పడవకు సెకనుకు 1.25 మీటర్లు, గంటకు నాలుగున్నర కిలోమీటర్లు. గాలి బాగుంటే మంచి హల్లూ, మామూలు హల్లూ ఆ గోడకే వచ్చి ఆగుతాయి. తేడా తెలిసేది పల్చటి గాలిలో. తడిసే ఉపరితలం తక్కువగా ఉన్న సన్నటి హల్ అక్కడ ముందుకు జారిపోతుంది, కానీ గాలి పెరిగితే త్వరగా ఒరుగుతుంది. వెడల్పు హల్ నిలకడగా ఉంటుంది, అలల్లో మాత్రం తడబడుతుంది. మా పడవ సన్నటి రకం, అంచు దగ్గర బయటికి విచ్చుకుంటుంది. ఒరిగినప్పుడు ఆ విచ్చుకున్న భాగం నీటిలో దిగి పట్టు ఇస్తుంది. కొత్తవాళ్లకు మధ్యస్థ వెడల్పే మేలు.

సొంతంగా గీసుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పెద్ద పడవను యథాతథంగా కుదిస్తే అది నిలబడదు. కొలతలన్నీ సగం చేస్తే తెరచాప వైశాల్యం నాలుగో వంతు, దాని ఎత్తు సగం, కాబట్టి ఒరగదోసే బలం ఎనిమిదో వంతు అవుతుంది. బరువూ ఎనిమిదో వంతే, కానీ దాన్ని తిరిగి నిలబెట్టే చేయి కూడా సగమైపోతుంది, అంటే నిలబెట్టే బలం పదహారో వంతు. అందుకే ఈ పడవల్లో నాలుగు కిలోల్లో దాదాపు 60 శాతం సీసం రూపంలో లోతున వేలాడుతుంది. పోలికకు అందంగా ఉన్న పాతకాలపు ఓడ నమూనా నీళ్లలో పడగానే పక్కకు వాలిపోవడానికి కారణం ఇదే.

కట్టేటప్పుడు తప్పు ఎక్కడ చేసినా సరిదిద్దుకోవచ్చు, ఒక్క చోట తప్ప: ఫిన్ పెట్టె. ఫిన్, మాస్ట్, చుక్కాని మూడూ ఒకే తలంలో ఉండాలి. ఫిన్ దూరే ఆ పెట్టెను మొదట రెండు చుక్కల ఎపాక్సీ జిగురుతో మాత్రమే నిలపండి. హల్‌ను తలకిందులుగా పెట్టి డెక్ (పడవ పైతట్టు) అంచులు రెండు వైపులా సమానంగా ఉండేలా సర్దండి. ఫిన్ దూర్చి దాని కొన నుంచి రెండు అంచులకూ దారంతో కొలవండి. తేడా ఒక మి.మీ. లోపు ఉంటేనే, మెత్తని పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీ నింపండి. త్వరగా గట్టిపడే రకం ఇక్కడ వద్దు. అది వేడికి మెత్తబడుతుంది, ఎండలో నిలబెట్టిన పడవలో ఫిన్ కొద్దిగా కదలడం మొదలవుతుంది. మాస్ట్ నిలిచే గొట్టం తర్వాత, చుక్కాని గొట్టం చివర.

బల్బు ముక్కు నీటిగీతకు సమాంతరంగా గానీ, ఒక డిగ్రీ పైకి గానీ ఉండాలి. ఫిన్ మెలి తిరిగిందా లేదా తెలుసుకోవడం తేలికే. నికరమైన గాలిలో గాలికెదురుగా రెండు వైపులా నడపండి. ఒక వైపు చుక్కాని తటస్థంగా ఉండి, రెండో వైపు పట్టి ఉంచాల్సి వస్తే ముందు మాస్ట్‌ను ఇరుపక్కల నిలిపే తీగల బిగువు సరిచూడండి. అది సరిగ్గా ఉంటే మెలిక ఫిన్‌లోనే ఉన్నట్టు.

ఇక నీరు. అసలు పీడ ఇదే. 100 గ్రాములు లోపలికి చేరితే బరువు రెండున్నర శాతం పెరిగినట్టే, అది చిన్న విషయం. అసలు గోల, ఆ నీరు కదలడం. పడవ ఒరిగితే కింది వైపుకు చేరి ఇంకా ఒరగదోస్తుంది, గాలివాటున వెళ్తే ముక్కులోకి పరుగెత్తి ముంచుతుంది. నీరు వచ్చే దారులు, మాకు తగిలిన వరుసలో: డెక్ కన్నాలు మూయడానికి అంటించే పల్చటి తెరల అంచులు, విన్చ్ తాడు బయటికి వచ్చే రంధ్రం, చుక్కాని గొట్టం పైకొన, ఫిన్ బోల్టు, మాస్ట్ గొట్టం. బయట చూస్తే మొదటిదే కళ్లకు కనిపిస్తుంది, కాబట్టి అందరూ దాన్నే తిడతారు. చుక్కాని గొట్టం పైకొన నీటిగీత కంటే ఎత్తులో ఉందో లేదో ఎవరూ చూడరు. ఒరిగినా మునగనంత ఎత్తు ఉండాలి. గొట్టంలో చిక్కటి గ్రీజు నింపి నెలకోసారి మార్చాలి.

ఓటి ఎక్కడుందో పట్టుకోవడానికి: తెరలన్నీ అంటించి, ఒకే రంధ్రంలో సన్న గొట్టం పెట్టి నోటితో మెల్లగా ఊదండి, అతుకుల మీద సబ్బునీరు రాయండి. బుడగ వచ్చిన చోటే దారి. గట్టిగా ఊదితే డెక్ అతుకే లేచిపోతుంది. అంటించే తెరలు ఏటా రెండుసార్లు మార్చాల్సిందే. అంటించే ముందు ఆ చోటు స్పిరిట్‌తో తుడవాలి, గ్రీజు వేళ్లతో ముట్టుకోకూడదు. ముక్కులో మూసిన గదిగానీ, నురుగు దిమ్మెగానీ లేకపోతే ఈ పడవ నిండితే నేరుగా అడుగుకే. సీసం తేలదు కదా.

విన్చ్ విషయంలో మాట మార్చుకోవాల్సి వచ్చింది. మొదట చేయి ఊపి తాడు లాగే రకం సర్వో (రేడియో ఆజ్ఞకు తిరిగే చిన్న మోటారు) చాలనుకున్నాం. బిగువున్న గాలిలో తాడు లాగలేక వేడెక్కింది. తాడును చుట్టుకునే డ్రమ్ము రకం వేశాక ఇబ్బంది పోయింది, కొత్త ఇబ్బంది వచ్చింది. 38 మి.మీ. వ్యాసం డ్రమ్ము ఒక చుట్టుకు సుమారు 119 మి.మీ. తాడు లాగుతుంది. ఎంత తాడు కావాలన్నది ఇలా కట్టాం: బూమ్ (తెరచాప కింది అంచును పట్టే కర్ర) ఇరుసు నుంచి షీటు (దాన్ని లాగే తాడు) కట్టిన చోటికి దూరం 220 మి.మీ. అనుకోండి, డెక్ మీద తాడు దూరే కన్నం కూడా ఇరుసుకు అంతే దూరంలో కిందే ఉందనుకోండి. బూమ్ పూర్తిగా బయటికి తెరుచుకోవాలంటే 220ని 1.4తో గుణించాలి, 310 మి.మీ. దగ్గర. అంటే డ్రమ్ము రెండున్నర చుట్ల పైచిలుకు. జిబ్ (ముందు తెరచాప) బూమ్ మీదా ఇరుసు నుంచి అదే దూరంలో షీటు కడితే రెండు తెరచాపలూ సమానంగా తెరుచుకుంటాయి. ఈ దూరాలు తేడాగా ఉంటే లోపలికి లాగినప్పుడు కుదిరినది, సగం వదిలినప్పుడు కుదరదు. ఎంతమంది విన్చ్‌ను ఆడిపోసుకుంటారో, సగం సార్లు దోషం ఈ కొలతది.

డ్రమ్ము అసలు జబ్బు: గాలి లేనప్పుడు తాడు వదులై చుట్టు మీద చుట్టు ఎక్కుతుంది, తర్వాత బిగిసినప్పుడు కింద ఇరుక్కుంటుంది. వలయంగా తిరిగే తాడులో ఎలాస్టిక్ తగిలించి, వదులైన వైపు ఎప్పుడూ లాగి ఉంచితే ఇది పోతుంది. ఎలాస్టిక్ ఒక సీజన్‌కే చచ్చుబడుతుంది, పైన బాగున్నట్టే కనిపిస్తుంది. పొడవు గుర్తుపెట్టుకుని, పదో వంతు సాగిందంటే మార్చేయండి. ముడి వేశాక కొసన సూపర్ గ్లూ ఒక్క చుక్క. రెండు చుక్కలైతే తాడు అక్కడ పుల్లలా గట్టిపడి తెగుతుంది.

కరెంటు సంగతులు క్లుప్తంగా. విన్చ్ ఇరుక్కుంటే ఆంపియర్ల కొద్దీ లాగుతుంది, కాబట్టి బ్యాటరీ నుంచి దానికి సొంత తీగలు వేయాలి, రిసీవర్ గుండా పోనివ్వకూడదు. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం నీటిలోంచి పోదు. యాంటెన్నా తీగ హల్ అడుగున పడి ఉంటే దూరం వెళ్లగానే పడవ మాట వినదు. డెక్ కింది భాగానికి టేపుతో అంటించండి. సంకేతం పోయినప్పుడు తెరచాపలు వదులయ్యేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, ఒడ్డు మీదే ట్రాన్స్‌మిటర్ ఆపి పరీక్షించండి.

రిగ్గు గురించి ఎంత చెప్పినా తక్కువే. అల్యూమినియం మాస్ట్ పైభాగానికి ముందుగానే కొంచెం ముందుకు వంపు ఇచ్చి ఉంచుతారు. వెనక తీగ బిగించగానే అది నిటారుకు వస్తూ ముందు తీగను బిగిస్తుంది, అప్పుడే జిబ్ ముందు అంచు గాలిలో వేలాడకుండా గీత గీసినట్టు నిలుస్తుంది. జిబ్ అంచు ఊగుతోంటే మిగతా సర్దుబాట్లన్నీ వృథా.

మా ఎ రిగ్గు కొలతలు, మొదలు పెట్టడానికి పనికొస్తాయి: మెయిన్ (మాస్ట్ వెనకుండే పెద్ద) తెరచాప కింది అంచు మధ్యలో బూమ్ నుంచి 12 మి.మీ., జిబ్‌కు 15. చిన్న అలలుంటే రెండింటికీ ఐదేసి పెంచుతాం, ఎందుకంటే ప్రతి అల పడవను ఆపుతుంది, తిరిగి కదలడానికి లోతున్న తెరచాప కావాలి. పూర్తిగా లాగినప్పుడు మెయిన్ బూమ్ కొస నడిగీతకు పది మి.మీ. పక్కన, జిబ్ బూమ్ కొస 50 నుంచి 60 మధ్య. మెయిన్‌ను సరిగ్గా నడిగీత మీదకు లాగితే పడవ గాలిలోకి ముక్కు తిప్పుకుంటూ ఉంటుంది, చుక్కాని బ్రేకులా పనిచేస్తుంది.

తెరచాప పై భాగం కింది భాగం కంటే కొంత తెరుచుకుని ఉండాలి, ఆ మెలికే ప్రాణం. జిబ్ వెనక అంచు మెలికను బూమ్ కొస నుంచి పైకి వెళ్లే తాడు నిర్ణయిస్తుంది. మెయిన్‌కు కిక్కర్, అంటే బూమ్ పైకి లేవకుండా కిందికి పట్టే సాధనం. గాలివాటున మెయిన్ పైభాగం ముందుకు వాలిపోతుంటే కిక్కర్ పావు చుట్టు బిగించండి. గాలికెదురుగా దాన్ని ముట్టుకోకండి, అక్కడ ఆ పని షీటు చూసుకుంటుంది. రెండు తెరచాపల మధ్య సందు కిందినుంచి పైదాకా ఒకేలా కనిపించాలి. పడవను ఒడ్డున పక్కకు వాల్చి, వెనక నుంచి ఒక కన్నుతో చూస్తే తెలిసిపోతుంది.

తెరచాపను మాస్ట్‌కు కట్టే దారాలు బిగుతుగా కట్టడం చాలామంది చేసే పొరపాటు. చూడ్డానికి చక్కగా ఉంటుంది. పల్చటి గాలిలో తెరచాప అవతలి వైపుకు పొంగదు, వెనక్కి బోర్లించిన చేటలా ఉండిపోతుంది. ఒకటి రెండు మి.మీ. వదులు ఉంచాలి.

ఏ రిగ్గు ఎప్పుడు అన్నదానికి గాలి మీటరు కంటే ముక్కు నమ్మకమైన కొలత. గాలివాటున వరుసగా రెండు విసుర్లలో ముక్కు డెక్ దాకా మునిగితే బి రిగ్గు వేయాలి. ఆలస్యం చేస్తే పడవ చుక్కాని గాలిలోకి లేచి అడ్డంగా తిరుగుతుంది, మూడు స్థానాలు పోతాయి. తొందరపడి బి వేస్తే గాలి పడినప్పుడు అందరి వెనకే. మూడు రిగ్గులకూ మాస్ట్ వెనక్కి వాలు కొలతను, అంటే మాస్ట్ కొన నుంచి పడవ వెనక అంచు మధ్యకు టేపుతో కొలిచిన మి.మీ.లను, ఆ రిగ్గు బూమ్ మీదే చెరగని ఇంకుతో రాసి పెట్టాం. కాగితం తడిసిపోతుంది, జ్ఞాపకం అంతకంటే ముందే పోతుంది.

పోటీలో ఈ పడవ స్వభావం: మలుపు తిప్పేటప్పుడు నెమ్మది కావాలి. చుక్కాని ఒక్కసారిగా కొసదాకా విసిరితే పడవ తిరిగి, నిలిచి, వెనక్కి జారుతుంది. సర్వో ప్రయాణాన్ని ఇరువైపులా 35 డిగ్రీలకు కట్టేస్తే ఆ అలవాటు పోతుంది. రేడియో పడవలకు సెయిలింగ్ నిబంధనల్లో అనుబంధం ఇ వర్తిస్తుంది. ప్రారంభం నిమిషం లెక్కింపుతో, బోయా (మలుపు గుర్తుగా తేలే బుడ్డి) చుట్టూ ప్రాంతం నాలుగు పడవ పొడవులు, అంటే నాలుగు మీటర్లు. ఒడ్డు నుంచి చూస్తే ఆ నాలుగు మీటర్లు చాలా తక్కువగా కనిపిస్తాయి, గొడవలన్నీ అక్కడే. తప్పు చేస్తే ఒక పూర్తి చుట్టు తిరగాలి. వెంటనే పక్కకు తప్పుకుని తిరిగితే పోయేది కొద్ది సెకన్లే, వాదిస్తూ కూర్చుంటే రేసే పోతుంది. ఫిన్ మీద నాచు చిక్కితే వేగం మెల్లగా తగ్గుతుంది, అందువల్ల తెరచాపలను నిందిస్తూ తిప్పుతుంటాం. కారణం లేకుండా వెనకబడితే, ముక్కును గాలికెదురుగా తిప్పి నిలిపి, కాస్త వెనక్కి జారనిచ్చి వదిలించుకోండి.

అరుగుదల లెక్క: పక్క తీగలు ఏటా మార్చాలి, మెలి పెట్టి నొక్కిన చోట పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. ఉప్పునీటిలో దిగితే అదే రోజు మంచినీళ్లతో కడగాలి, లేకపోతే అల్యూమినియం మాస్ట్‌లో స్టీలు మేకు తగిలిన చోట తెల్లటి బూజు పట్టి గొట్టం తినేస్తుంది. సీసపు బల్బు మెత్తన, ఒడ్డున రాళ్లకు నొక్కుకుంటుంది. పుట్టీ నింపి 400 నంబరు కాగితంతో తడిపి రుద్దితే సరిపోతుంది. అద్దంలా మెరిపించాల్సిన పని లేదు. ఎ రిగ్గు తెరచాపలు రెండో సీజన్ చివరికి వెనక అంచు దగ్గర ముడతలు పడ్డాయి, బి, సి రిగ్గులవి ఇంకా నిలిచాయి. చుట్టి ఉంచినవి బాగున్నాయి, మడత పెట్టినవి పాడయ్యాయి.

నీటిలోకి దిగే చోట లోతు 60 సెంటీమీటర్లకు తక్కువైతే ఈ తరగతి వద్దు. ఫిన్ తీసి పడవను తేలేయలేరు, ఫిన్‌తో దింపలేరు. అలాంటి చెరువులో 650 మి.మీ. పొడవుండే ఆర్‌జి 65 తరగతి పడవ మేలు, ఇద్దరు మనుషుల సాయం లేకుండా ఒక్క చేత్తో దింపవచ్చు. ఐఓఎంకు మాత్రం ఒడ్డున స్టాండు, గాలికి పడిపోకుండా దాన్ని నేలకు గుచ్చే మేకు ముందుగా చేసుకోండి. నీళ్లలో విరిగిన మాస్ట్‌ల కంటే గడ్డి మీద పడి విరిగినవే ఎక్కువ చూశాం.