అంటార్కిటికానా, గలాపగోస్ దీవులా?
సాహసంతో కూడిన ఓడ ప్రయాణానికి ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకునేవారు ముందుగా సముద్రాన్ని తట్టుకోగలమా అని ఆలోచించుకోవాలి. అంటార్కిటికాకు వెళ్లేందుకు అర్జెంటీనాలోని ఉషువాయా నుంచి బయలుదేరిన ఓడ, దారిలో ఉండే డ్రేక్ జలసంధిని దాటడానికి సుమారు రెండు రోజులు పడుతుంది. అలలు ఉధృతంగా ఉంటే మంచం మీద నిలకడగా పడుకోవడం కూడా కష్టమే. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడల నుంచి అంటార్కిటికాలో ఎవరినీ ఒడ్డుకు దించరు కాబట్టి, టికెట్ కొనేముందు ఓడ పరిమాణం తప్పక అడిగి తెలుసుకోవాలి.

ఈక్వెడార్‌కు చెందిన గలాపగోస్‌కు విమానంలో చేరుకుని, ఏడాది పొడవునా చిన్న ఓడల్లో తిరగవచ్చు. నీలిరంగు పాదాల బూబీ పక్షులు ఒక్కోసారి నడకదారి మీదే గుడ్లు పెట్టి, మనుషులు వచ్చినా బెదరకుండా కూర్చుంటాయి. రెండు మీటర్ల దూరం పాటించవలసింది మనమే. పిల్లలతో, పెద్దవారితో వెళ్లే కుటుంబాలకు నేను నిస్సంకోచంగా గలాపగోస్‌నే సూచిస్తాను.