ఆర్కే బీచ్‌కు ఇసుక పోసే సేవ: ఐదింట మూడు నక్షత్రాలు

ఓడరేవు ముఖద్వారం వద్ద మేట వేసిన ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి, గొట్టాల ద్వారా కోస్టల్ బ్యాటరీ, ఆర్కే బీచ్ ఒడ్డుకు చేర్చే పనిని విశాఖవాసులమైన మనం ఒక పౌరసేవగా లెక్కించం. నిజానికి నీటి సరఫరా ఎంత అవసరమో, ఇదీ అంతే అవసరమని నా అభిప్రాయం.

నైరుతి రుతుపవనాల కాలంలో ఏటవాలుగా తగిలే కెరటాలు మన తీరం వెంబడి ఇసుకను ఈశాన్యానికి నడిపిస్తాయి. శీతకాలంలో కొంత వెనక్కి వచ్చినా, మొత్తం మీద ప్రయాణం ఉత్తరానికే. 1933లో ఓడరేవు మొదలైన రోజుల్లోనే రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు. 1970లలో ఔటర్ హార్బర్ కోసం కట్టిన బ్రేక్‌వాటర్లతో, అంటే కెరటాలను ఆపే అడ్డుకట్టలతో, ఇసుక నడిచే ఆ దారి మరింత మూసుకుపోయింది. దక్షిణాన ఆగిపోయే ఇసుక ఉత్తరాన ఉన్న బీచ్‌కు రావలసినదే కనుక, దాన్ని తెచ్చి పోయడం బాకీ తీర్చడమే అవుతుంది.

పోసిన ఇసుకంతా సముద్రం పాలైందని చాలామంది విమర్శిస్తారు. ఆ మాటతో నేను ఏకీభవించను. కొట్టుకుపోయిన ఇసుకలో కొంత ఒడ్డుకు కాస్త దూరంలో నీటి అడుగున దిబ్బగా నిలిచి కెరటాలను ముందే విరగగొడుతుంది, మరికొంత పెదజాలారిపేట, లాసన్స్ బే వైపు సాగి అక్కడి తీరాన్ని పోషిస్తుంది. బండరాళ్ల గోడ ఈ పని చేయలేదు. అది రోడ్డును కాపాడినా, తగిలిన కెరటాన్ని వెనక్కి కొట్టి తన పాదం దగ్గరి ఇసుకనే కోసేస్తుంది. 2014లో హుద్‌హుద్ తాకిన నగరంలో ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది మనమే.

పని జరిగే తీరులో మాత్రం లోపాలున్నాయి. ఒండ్రు కలిసిన సన్న ఇసుక పోసినప్పుడు నీరు మురికిగా మారి, ఆ మేట త్వరగా కరిగిపోతుంది. ముతక ఇసుక నిలిచినంతగా అది నిలవదు. పోసిన తరువాత చదును చేయకపోతే ఒడ్డు నిటారు గట్టులా తెగి, పెద్దవాళ్లు నీటి దగ్గరకు దిగలేకపోతారు. గొట్టాలు ఎక్కడ పరుస్తారో ముందుగా చెప్పకపోతే పడవలు ఒడ్డుకు లాగే మత్స్యకారులకు ఇబ్బంది.

అన్నిటికంటే పెద్ద లోపం, పని ఎడతెగకుండా సాగకపోవడం. ఆస్ట్రేలియాలోని ట్వీడ్ నదీముఖం వద్ద 2001 నుంచి స్థిరమైన పంపులు ఇసుకను అడ్డు దాటిస్తూనే ఉన్నాయి. అంత ఏర్పాటు ఇక్కడ వెంటనే సాధ్యం కాకపోయినా, ఎంత ఇసుక, ఏ రకం, ఏ తేదీన పోశారో బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి దగ్గర ఒక బోర్డు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అది పెట్టి, ప్రతి ఏడూ తప్పకుండా పోస్తే నాలుగో నక్షత్రం సంతోషంగా ఇస్తాను.