నులిపురుగులకి అల్బెండజోల్ 400: మందు సూపర్, కానీ రెండో డోసు మాత్రం మానకండి

మా పాపకి డాక్టర్ గారు రాసింది జెంటెల్, అంటే అల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు. సిరప్ అయితే 10 ఎంఎల్ బుల్లి సీసా వస్తుంది, అదంతా ఒకే డోసు, బిళ్ళ అయితే ఒక్కటే. ఇది రెండేళ్ళు దాటినవాళ్ళ లెక్క, ఏడాది నుంచి రెండేళ్ళ లోపు వాళ్ళకి సగమే. రేటు చాలా తక్కువ, ఏ మెడికల్ షాపులోనైనా ఉంటుంది, ఏ కంపెనీదైనా లోపల మందు అదే కాబట్టి ఫలానా పేరే కావాలని తిరగక్కర్లేదు. మందుకైతే ఐదుకి ఐదు స్టార్లు. వాడే పద్ధతి మాత్రం షాపులో ఎవరూ చెప్పట్లేదు, అందుకే ఇంత రాస్తున్నా.

ముందు గుర్తుపట్టడం. పిల్లలు పళ్ళు కొరికినా, మొహం మీద తెల్ల మచ్చలొచ్చినా, స్వీట్లు ఎక్కువ తిన్నా పెద్దవాళ్ళు పురుగులే అంటారు గానీ వాటిని చూసి తేల్చలేం అండి. అసలు గుర్తు రాత్రి దురద. ఆడ పురుగు పిల్లలు నిద్రపోయాక బయటికొచ్చి మలద్వారం చుట్టూ గుడ్లు పెడుతుంది, అందుకే పడుకున్న కాసేపటికి లేచి గోక్కుంటూ ఏడుస్తారు, ఆడపిల్లలకైతే ముందువైపు కూడా దురద రావచ్చు. అప్పుడు టార్చ్ వేసి చూస్తే తెల్ల దారం ముక్కల్లాగా, సెంటీమీటరు పొడవున కదులుతూ కనిపిస్తాయి. మోషన్ టెస్టులో ఇవి చాలాసార్లు దొరకవు, పొద్దున్నే కడగకముందు అక్కడ సెల్లోటేప్ అంటించి తీసి ల్యాబ్‌లో ఇస్తే మైక్రోస్కోప్‌లో గుడ్లు కనిపిస్తాయి.

ఇక డోసు సంగతి. ఈ మందు పురుగుకి గ్లూకోజ్ అందకుండా చేసి చంపుతుంది, గుడ్లని మాత్రం నమ్మకంగా చంపదు. అందుకే రెండు వారాల తర్వాత ఇంకో డోసు వెయ్యాలి, రెండు డోసులూ ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకోవాలి, ఎందుకంటే దురద లేనివాళ్ళకి కూడా ఉండొచ్చు, పాపకొక్కదానికే వేస్తే మళ్ళీ వాళ్ళ నుంచే అంటుకుంటుంది. గుడ్లు దుప్పట్ల మీద, గోళ్ళ సందుల్లో రెండు మూడు వారాలు కూడా బతుకుతాయి. గోళ్ళు కత్తిరించడం, పొద్దున లేవగానే స్నానం, దుప్పట్లు దులపకుండా తీసి వేడినీళ్ళలో ఉతకడం, ఇవి చెయ్యకపోతే మందు ఎంత మంచిదైనా నెలకే మళ్ళీ మొదలు.

"స్కూల్లో వేశారుగా" అంటారు చాలామంది. 2015 నుంచి ఫిబ్రవరి 10న, చాలాచోట్ల ఆగస్టు 10న కూడా, అంగన్‌వాడీల్లో స్కూళ్ళలో 1 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకి ఫ్రీగా వేస్తున్నారు కదా, అది చాలా మంచి కార్యక్రమం, తప్పకుండా వేయించండి. కొంకి పురుగులు రక్తం తాగేసి పిల్లల్ని పాలిపోయేలా చేస్తాయి, ఏలిక పాములు తిండి ఒంటికి పట్టనివ్వవు, ఆ గోళి ముఖ్యంగా వాటి కోసం. ఈ రాత్రి దురద పురుగుకి మాత్రం ఆ ఒక్క గోళి సరిపోదు.

చిన్న పిల్లలకి బిళ్ళ అలాగే మింగించొద్దు, గొంతుకి అడ్డం పడుతుంది, రెండు స్పూన్ల మధ్య నలిపి నీళ్ళలో కలిపి పట్టండి. జ్వరంగా ఉంటే ఆ రోజు ఆపండి. వేశాక కొంచెం కడుపునొప్పి, వికారం రావచ్చు, మామూలుగా వాటంతటవే తగ్గిపోతాయి.

నాకు కోపం వచ్చింది ఒకచోటే. మా ఏరియాలో ఒక షాపతను చీటీ చూడకుండానే 'ప్లస్' అని ఉన్నది చేతిలో పెట్టేశాడు. చాలా ప్లస్‌లలో ఐవర్‌మెక్టిన్ అనే ఇంకో పురుగుల మందు కూడా కలిసి ఉంటుంది, అది 15 కిలోల లోపు పిల్లలకి మామూలుగా వాడరు. అట్ట వెనకాల చదివి తీసుకోండి.

గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, సొంతంగా వేసుకోకూడదు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన వాళ్ళుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి, మెదడులో పురుగు తిత్తులు ఉంటే ఈ మందుతో ఫిట్స్ ఎక్కువయ్యే అవకాశం ఉంది. మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గిపోతున్నా, చదునైన గింజల్లాంటి తెల్ల ముక్కలు పడుతున్నా షాపుకి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, బద్దె పురుగు (టేప్‌వార్మ్) అయితే దానికి వాడే మందు వేరు.