సైన్సు చదివి విదేశీ బిజినెస్ స్కూల్‌కా? రెండేళ్ల ఎంబీఏ, ఏడాది ఎంబీఏ, మిమ్ (మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్): ఏది మేలు?

నేను చదివింది కెమిస్ట్రీ. ఓ మందుల కంపెనీ ల్యాబ్‌లో నాలుగేళ్లు మందుల్లో మలినాలు కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు కూర్చుని, ఇక చాలనిపించి, విదేశంలో ఏడాది ఎంబీఏకి వెళ్లాను. వెళ్లినందుకు చింత లేదు. ఎంచుకున్న తీరుకే ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ర్యాంకులు చూశాను, ఫీజులు చూశాను, పాసైనవాళ్ల జీతాలు చూశాను. తరగతులు మొదలైన రోజుకీ, కంపెనీలు దరఖాస్తులు తీసుకోవడం ఆపేసే రోజుకీ మధ్య ఎన్ని వారాలున్నాయో మాత్రం లెక్కపెట్టలేదు.

ఏడు వారాలున్నాయి. ఆగస్టు ఆఖరున తరగతులు మొదలయ్యాయి. అకౌంటింగ్‌లో డెబిట్ ఎడమ వైపా కుడి వైపా అని నేనింకా తడుముకుంటుండగానే, అక్టోబరు మధ్యలో కన్సల్టింగ్ కంపెనీల గడువు అయిపోయింది. నా పక్క సీటతను అయిదేళ్లు బ్యాంకులో చేసి వచ్చినవాడు. అతనికి ఆ ఏడాది పాత పాఠాలు తిరగేసుకోవడం. నాకు అక్షరాభ్యాసం. ఇద్దరం ఒకే ఇంటర్వ్యూకి వెళ్తే ఉద్యోగం ఎవరికొస్తుందో చెప్పడానికి ఎంబీఏ అక్కర్లేదు.

అందుకే ఇప్పుడెవరైనా "ఏది మేలు?" అని అడిగితే స్కూలు పేరు కన్నా ముందు క్యాలెండర్ తీస్తాను. సైన్సు వాళ్లకి లెక్కలతో ఇబ్బంది రాదు. స్టాటిస్టిక్స్, గ్రాఫులు మనకి మంచినీళ్లు. వ్యాపారం వైపు ఒక్కరోజైనా పనిచేసిన దాఖలా లేకపోవడమే చిక్కు. ఆ దాఖలా సంపాదించుకోవడానికి ఏ కోర్సు ఎంత వ్యవధి ఇస్తుందన్నదే నా కొలబద్ద. మిగతావన్నీ దాని తర్వాతే.

రెండేళ్ల ఎంబీఏ

ఇది అమెరికా నమూనా. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో మొదలైనప్పటి నుంచీ దాదాపు ఇదే తీరు. దీని అసలు బలం పాఠాల్లో కన్నా మొదటి ఏడాదికీ రెండో ఏడాదికీ మధ్య వచ్చే వేసవిలో ఉంది. పది పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్. కంపెనీ వైపు నుంచి చూడండి: నాలుగేళ్లు ల్యాబ్‌లో ఉన్న మనిషికి ఒకేసారి మేనేజర్ ఉద్యోగం ఇవ్వడానికి చేయి రాదు. వేసవి మూణ్ణెల్లు పెట్టి చూద్దాం అంటే ఎవరికీ నష్టం లేదు. బాగా చేస్తే ఆ కంపెనీయే పూర్తి ఉద్యోగం ఇస్తుంది. ఇవ్వకపోయినా రెండో ఏడాదిలో ఇంకో కంపెనీకి చూపించుకోవడానికి సీవీలో ఒక వరుస చేరుతుంది. దారి మళ్లాలనుకునేవాళ్లకి ఆ ఒక్క వరుస బంగారం.

ఖరీదూ అలాగే ఉంటుంది. రెండేళ్ల ఫీజు ఒక్కటే కాదు, రెండేళ్లు చేతికి రాని జీతం కూడా లెక్కలో వేసుకోవాలి. మన లెక్కల్లో ఎప్పుడూ తప్పిపోయేది ఈ రెండోదే.

సుందర్ పిచాయ్ పేరు ఇక్కడ ఎవరో ఒకరు ఎత్తుతారు. మెటలర్జీ చదివి, స్టాన్‌ఫోర్డ్‌లో మెటీరియల్స్ సైన్స్ చేసి, వార్టన్ బిజినెస్ స్కూల్‌లో 2002లో ఎంబీఏ పూర్తిచేశారు కదా అని. నిజమే. కానీ స్టాన్‌ఫోర్డ్‌కీ వార్టన్‌కీ మధ్య అప్లైడ్ మెటీరియల్స్‌లో ఇంజనీరుగా పనిచేశారన్న సంగతి చెప్పేవాళ్లు తక్కువ. భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలతో డిగ్రీ చేసిన పెప్సికో మాజీ సీఈఓ ఇంద్రా నూయి కూడా ఉద్యోగం చేసి వచ్చాకే యేల్ యూనివర్సిటీకి వెళ్లారు. డిగ్రీ పట్టా చేతిలో పడ్డ మర్నాడే ఎంబీఏకి విమానం ఎక్కినవాళ్లు కారు ఇద్దరూ. పేరున్న ఎంబీఏలు దాదాపు అన్నీ కొన్నేళ్ల ఉద్యోగం అడిగేది ఊరికే కాదు.

ఏడాది ఎంబీఏ

యూరప్ దారి ఇది. ఇన్సియాడ్ 1957లో ఫ్రాన్స్‌లో పుట్టింది. అక్కడి ఎంబీఏ పది నెలలు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లోసాన్‌లోని ఐఎండీ ఏడాదిలో ముగిస్తాయి. ఒక ఏడాది జీతం మిగులుతుంది, ఒక ఏడాది వయసు మిగులుతుంది. మరి నష్టమేంటంటే, ఊపిరి తీసుకునే సందు ఉండదు.

ఇది ఎవరికి పనికొస్తుందంటే, పక్క కుర్చీలోకి కాకుండా పై కుర్చీలోకి వెళ్లాలనుకునేవాళ్లకి. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉండి అదే రంగంలో ప్రోడక్ట్ మేనేజర్ అవ్వాలనుకుంటే ఏడాది చాలు. ఆ రంగం మీకు తెలుసు, మీ అనుభవం వాళ్లకి అర్థమవుతుంది. ల్యాబ్ వదిలి బ్యాంకింగ్‌కి వెళ్లాలంటే మాత్రం ఏడాది ఇరుకు. రంగం, హోదా, దేశం మూడూ ఒక్క ఏడాదిలో మార్చేద్దామని నేను వెళ్లాను. చివరికి దేశం ఒక్కటే మారింది. ఉద్యోగం మళ్లీ మందుల కంపెనీలోనే, కాకపోతే తెల్లకోటు లేకుండా. గుడ్డిలో మెల్ల.

ఇక్కడ ఒక చిన్న సంగతి చాలామంది పట్టించుకోరు. ఇన్సియాడ్‌లో ఏటా రెండు బ్యాచ్‌లు మొదలవుతాయి. జనవరి బ్యాచ్‌కి మధ్యలో వేసవి సెలవులు వస్తాయి కాబట్టి రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కి చోటుంది. వేసవి దాటాక మొదలయ్యే బ్యాచ్‌కి ఆ చోటు లేదు. అదే స్కూలు, అదే పట్టా, దారి మళ్లేవాళ్లకి మాత్రం రెండూ ఒకటి కావు. ఏడాదికీ రెండేళ్లకీ నడుమ మధ్యేమార్గాలూ ఉన్నాయి: లండన్ బిజినెస్ స్కూల్ ఎంబీఏని 15, 18, 21 నెలల్లో ఎప్పుడు ముగించాలో విద్యార్థే ఎంచుకోవచ్చు, హెచ్‌ఈసీ పారిస్‌ది 16 నెలలు. నాలాంటివాళ్లు ముందు చూడాల్సింది వీటినే.

మిమ్

మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్‌ని అందరూ పొట్టిగా మిమ్ అంటారు. ఉద్యోగ అనుభవం లేనివాళ్ల కోసం పెట్టిన కోర్సు. డిగ్రీ గానీ ఎంఎస్సీ గానీ అయిపోయి, ల్యాబ్ వద్దని అప్పటికే తేల్చుకున్నవాళ్లకి నా ఓటు కళ్లు మూసుకుని దీనికే. ముఖ్యంగా ఫ్రాన్స్ పద్ధతిలో మొదటి ఏడాదికీ రెండో ఏడాదికీ మధ్య 'సెజ్యూర్' అని ఒక ఏడాది విరామం తీసుకోవచ్చు. ఆరేసి నెలల ఇంటర్న్‌షిప్‌లు రెండు చేసుకునే వీలుంటుంది. నా కొలబద్దతో కొలిస్తే ఎంబీఏలన్నిటి కన్నా ఎక్కువ వ్యవధి ఇచ్చేది ఇదే. చేరే ఉద్యోగం కింది మెట్టుది, జీతమూ ఎంబీఏ వాళ్లకి వచ్చేంత ఉండదు. ఇరవై రెండేళ్లకి కింది మెట్టు నామోషీ కాదు.

ఇందులో సైన్సు వాళ్లకి ఒక గొయ్యి ఉంది, చూసుకుని నడవాలి. యూరప్‌లో చాలా మాస్టర్స్ కోర్సులు డిగ్రీలో బిజినెస్ సబ్జెక్టుల కనీస క్రెడిట్లు అడుగుతాయి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలకి దరఖాస్తు పెట్టేటప్పుడు ఇది మరీ తగులుతుంది. ఉదాహరణకి మాన్‌హైమ్ యూనివర్సిటీకి బిజినెస్ క్రెడిట్లు ఉండాల్సిందే. ఫిజిక్స్‌లో ఎన్ని మార్కులొచ్చినా ఆ లోటు తీరదు. దీనికి పూర్తిగా ఎదురు కోర్సులూ ఉన్నాయి. కేంబ్రిడ్జ్ ఎంఫిల్ ఇన్ మేనేజ్‌మెంట్, ఇంపీరియల్ కాలేజ్ ఎంఎస్సీ మేనేజ్‌మెంట్, అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ మేనేజ్‌మెంట్ స్టడీస్ మాస్టర్స్ బిజినెస్ చదవనివాళ్ల కోసమే తయారుచేసినవి. కాబట్టి కోర్సు పేజీ తెరవగానే చూడాల్సింది ర్యాంకు కాదు, అర్హతల్లో "బిజినెస్ నేపథ్యం" అని ఉందో లేదో.

ఈ మూడూ కాకుండా

బిజినెస్ అనలిటిక్స్, ఫైనాన్స్ లాంటి ప్రత్యేక మాస్టర్స్‌లో మన సైన్సు నేరుగా చెల్లుతుంది. కోడింగ్, స్టాటిస్టిక్స్ వచ్చినవాళ్లకి సీటూ సులువు, ఉద్యోగమూ సులువు. అయితే మళ్లీ అంకెల గదిలోనే కూర్చోబెడతారు. ఆ గది ఇష్టమైతే ఇంతకన్నా మంచి దారి లేదు. ఆ గది నుంచి పారిపోదామని బయల్దేరినవాళ్లకి మాత్రం పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

పీహెచ్‌డీ ఉన్నవాళ్లయితే ఒక్క క్షణం ఆగండి. మెకిన్సీ, బీసీజీ లాంటి కన్సల్టింగ్ సంస్థలు పీహెచ్‌డీ వాళ్లని నేరుగా తీసుకుంటాయి. అకౌంటింగ్, ఫైనాన్స్ మూలపాఠాలు చేరాక వాళ్లే చెప్పించుకుంటారు. కన్సల్టింగే లక్ష్యమైతే రెండేళ్లు ఫీజు కట్టి చేరాల్సిన చోటికి ఊరికే వెళ్లే దారి ఉన్నట్టు.

ప్రవేశ పరీక్ష గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. జీమ్యాట్ 2023 నవంబరులో మారింది. ఇప్పుడు రెండుంపావు గంటలు, మూడు సెక్షన్లు, స్కోరు 205 నుంచి 805 దాకా. వ్యాకరణ దోషాలు పట్టే ప్రశ్నలు తీసేశారు, పట్టికలు, గ్రాఫులు చదివి జవాబు చెప్పే డేటా ఇన్‌సైట్స్ చేర్చారు. మనకి లాభించిన మార్పే. దాని బదులు జీఆర్‌ఈ పరీక్ష స్కోరునీ చాలా స్కూళ్లు తీసుకుంటాయి.

వీసా దగ్గర తారుమారు

వీసా మాత్రం లెక్కల్ని తారుమారు చేయగలదు. అమెరికాలో చదువయ్యాక పనిచేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే ఇంకో 24. ఎంబీఏ అనగానే స్టెమ్ కాదు. "నాది సైన్సు డిగ్రీ కదా, నాకు స్టెమ్ వస్తుంది" అని ధీమాగా ఉండేవాళ్లని చూశాను. రాదు. పాత డిగ్రీ లెక్కలోకి రావాలంటే అది కూడా అమెరికాలో చదివినదై ఉండాలి. చూడాల్సింది వీసా కోసం స్కూలు ఇచ్చే ఐ-20 కాగితం మీద ఉండే సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ విభాగానిదో చెప్పే నంబరు. మేనేజ్‌మెంట్ సైన్స్ కోడ్ 52.1301 ఉంటే స్టెమ్. మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ కోడ్ ఉంటే ఏడాదితో సరి. సీటు ఒప్పుకోకముందే స్కూలుకి మెయిల్ పెట్టి ఈ ఒక్క నంబరు అడగండి.

బ్రిటన్‌లో చదువయ్యాక ఉండి పనిచేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసా 2021లో మొదలైనప్పుడు మాస్టర్స్ వాళ్లకి రెండేళ్లు ఇచ్చారు; 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకి అది 18 నెలలే. జర్మనీ ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తుంది. కెనడాలో 2024 ఫిబ్రవరి నుంచి రెండేళ్ల లోపు మాస్టర్స్‌కి కూడా మూడేళ్ల వర్క్ పర్మిట్ దొరికే వీలు కల్పించారు. ఇన్ని నెలలు ఇస్తున్నారు కాబట్టి ఆ దేశమే మేలనుకోవద్దు. జర్మనీలో, ఫ్రాన్స్‌లో పాఠం ఇంగ్లీషులో చెప్పినా, ఆఫీసులో మధ్యాహ్నం భోజనం బల్ల దగ్గర మాట్లాడేది వాళ్ల భాషే. వాళ్ల భాష రాకపోతే ఆ 18 నెలలు చాలా త్వరగా అయిపోతాయి.

క్లాసులో మన పరిస్థితి

ఏ కోర్సుకెళ్లినా సైన్సు వాళ్లకి ఒక అలవాటు అడ్డొస్తుంది. ఖాయంగా తెలిస్తే తప్ప నోరు విప్పం. ల్యాబ్‌లో అది మంచి లక్షణం. ఏదో ఒక కంపెనీకి ఎదురైన సమస్యని ముందు పెట్టి చర్చించే కేస్ పద్ధతి క్లాసులో మౌనానికి మార్కులు పోతాయి. హార్వర్డ్‌లో రెండేళ్లలో దాదాపు 500 కేసులు చర్చిస్తారు. ప్రతిదాంట్లోనూ సగం సమాచారంతోనే నిర్ణయం చెప్పాలి. మొదటి నెల నేను ప్రతి వాక్యానికీ ముందు "ఇంకొంచెం డేటా ఉంటే..." అని మొదలుపెట్టేదాన్ని. ఓ రోజు మా ప్రొఫెసర్ నవ్వి, "డేటా వచ్చేలోపు కంపెనీ మూతపడింది. ఇప్పుడు చెప్పు" అన్నాడు.

సీవీ కూడా అంతే. నాది మొదట ఇలా ఉండేది: "ఫలానా మాత్రలో మలినాలు కొలిచే పద్ధతిని వాలిడేట్ చేశాను." కెరీర్ ఆఫీసులో ఆవిడ చదివి, "అయితే ఏంటి?" అంది. మూడు వారాలు కుస్తీ పట్టాక ఇలా మారింది: "ఒక్కో శాంపిల్‌కి 40 నిమిషాలు పట్టే పరీక్షని 18 నిమిషాలకి దించాను, బ్యాచ్‌లు రెండు రోజులు ముందుగా బయటికి వెళ్లాయి." చేసిన పని అదే. ఆ రెండో వాక్యం రాయడం విమానం ఎక్కకముందే నేర్చుకుని ఉంటే ఆ ఏడు వారాల్లో మూడు నాకు మిగిలేవి.

మొన్న పాత ల్యాబ్ నుంచి ఓ జూనియర్ ఫోన్ చేసింది. మైక్రోబయాలజీ, మూడేళ్ల అనుభవం. అమెరికాలో రెండేళ్ల కోర్సుకీ, యూరప్‌లో ఏడాది కోర్సుకీ రెండింటికీ సీటొచ్చింది. "ఏడాదిది ర్యాంకులో పైనుంది అక్కా. ఏం చేయమంటారు?"

"ల్యాబ్ వైపే ఉంటావా, పూర్తిగా వదిలేస్తావా?"

"వదిలేస్తాను. ఫైనాన్స్."

"ఏడాదిది ఏ నెలలో మొదలు? మధ్యలో ఇంటర్న్‌షిప్‌కి ఎన్ని వారాలు? రెండేళ్లదాని సీఐపీ కోడ్ ఎంత?"

కాసేపు చప్పుడు లేదు. కాగితాలు తిరగేస్తున్నట్టు వినిపించింది. "ఇవన్నీ బ్రోషర్‌లో లేవక్కా" అంది చివరికి. అడగమన్నాను. మర్నాడు పొద్దున్నే మెసేజ్: "ఏడాదిదాంట్లో వారాలు సున్నా అక్కా. కోడ్ కోసం ఎదురుచూస్తున్నాను."