సలహాలు బంద్: గ్రూప్ థెరపీలో రెండేళ్లు

కుర్చీలు గుండ్రంగా వేస్తారు, ఎనిమిది మందిమి కూర్చుంటాం, గంటన్నర మాట్లాడుకుంటాం. అదంతా ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. నేను రాయాలనుకున్నది అక్కడున్న ఒక్క రూలు గురించి. ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వకూడదు.

మొదటిరోజే ఈ రూలు విని ఒళ్లు మండింది. 30 ఏళ్లుగా ఇరిగేషన్‌లో పనిచేస్తున్నవాణ్ణి. ఎవరైనా కష్టం చెప్పుకుంటుంటే అది సగంలో ఉండగానే నా బుర్రలో ఎస్టిమేట్ తయారైపోతుంది. అమ్మ పోయాక నిద్ర పట్టక, బీపీ మాత్ర డోసు పెరిగి, మా ఆవిడ పోరు పడలేక హైదరాబాద్‌లో ఈ గ్రూపులో చేరాను. నిజం చెప్పాలంటే చవక అని చేరాను. విడిగా కౌన్సెలింగ్‌కి వెళ్తే 1500, ఇక్కడ 500. చవకబేరం మాట గ్రూపు నడిపే మేడమ్ దగ్గర అంటే ఆవిడ నవ్వి, అసలు ఈ పద్ధతి పుట్టిందే డబ్బులేనివాళ్ల కోసం అన్నారు. 1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరు, శానటోరియం ఖర్చు భరించలేని క్షయ రోగుల్ని వారం వారం ఒకచోట కూర్చోబెట్టి క్లాసు పెట్టాడట.

మొదటి మూడు నెలలూ కనిపించిన వాళ్లందరికీ ఈ గ్రూపు గురించే చెప్పాను. 'నా ఒక్కడికే కాదు, అందరికీ ఉంది' అన్న ఊరట అది. ఇర్విన్ యాలమ్ అనే అమెరికా మనోవైద్యుడు గ్రూపు ఎందుకు పనిచేస్తుందో చెబుతూ 11 కారణాలు రాశాడు, వాటిలో ఇదీ ఒకటి. కానీ ఆ ఊరట పెద్దగా నిలవదండీ. ఆ మాటకొస్తే ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో కూర్చున్నా కొంత దొరుకుతుంది.

అసలు సంగతి నాలుగో నెలలో జరిగింది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే ఓ అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, మేనేజర్ అందరి ముందూ ఎలా మాట్లాడాడో చెబుతూ గొంతు పూడుకుపోయి ఆగింది. నేను ఆగలేదు. "హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టమ్మా, కాపీ దాచుకో. లేబర్ ఆఫీసులో మావాడొకడున్నాడు, నంబరిస్తాను" అంటూ జేబులోంచి ఫోను తీసి వెతకడం కూడా మొదలెట్టాను.

"సార్, ఫోను కాసేపు పక్కన పెట్టండి" అన్నారు మేడమ్. "ఆ అమ్మాయి ఏడుస్తుంటే మీకు లోపల ఎలా ఉంది?"

"ఏముంది మేడమ్, సాయం చేద్దామని."

ఎవరూ మాట్లాడలేదు. మేడమ్ కూడా. కిందికి చూసుకుంటే నా ఎడమ కాలు ఆగకుండా ఊగుతోంది. చెప్పుల చప్పుడు నాకే వినిపిస్తోంది. "చూడలేకపోతున్నానండీ" అన్నాను చివరికి.

అప్పుడా అమ్మాయి ముక్కు తుడుచుకుని నావైపు తిరిగింది. "మా నాన్నా ఇంతే అంకుల్. నేను ఏడుపు మొదలుపెట్టేలోపే ఎవరిదో నంబరు వెతుకుతారు. అందుకే ఆయనకి చెప్పడం మానేశాను."

మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. ఫోన్ చేస్తే నాతో మాటలు ఇంతే: "నాన్నా, బాగున్నావా? అమ్మకివ్వు." పని ఒత్తిడి కాబోలు అనుకునేవాణ్ణి. ఆ రాత్రి ఇంటికెళ్లి జరిగింది చెప్తే, మా ఆవిడ "ఇప్పటికి తెలిసిందా" అని పాలగిన్నె దింపడానికి లోపలికి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం మా అమ్మాయి ఫోన్‌లో తన రూమ్మేట్ ఖాళీ చేస్తోందని, అద్దె మొత్తం తన మీదే పడుతుందని చెప్పింది. నోటిదాకా వచ్చిన లెక్కలన్నీ మింగి, "అయ్యో, దిగులుగా ఉందా?" అన్నాను. అటు ఒక క్షణం నిశ్శబ్దం. "నాన్నా, నీకు ఒంట్లో బాగానే ఉందా?" అంది. ఇప్పుడు ఒక్కోసారి పది నిమిషాలు మాట్లాడుతోంది. ఒక్కోసారి మళ్లీ "అమ్మకివ్వు"నే.

ఆ రూలుకీ ఓ బెడద ఉంది. గ్రూపులో ఒకాయన టీ తాగుతూ మాత్రలు మానేశానని నాతో అన్నాడు. రూలు రూలే కదా అని నోరు మూసుకున్నాను. మూడు వారాలకి ఆయన పరిస్థితి బాగా దిగజారింది. అలాంటివి సలహా కిందికి రావని, వెంటనే తనకి చెప్పాలని మేడమ్ తర్వాత అన్నారు. ఆ ముక్క మొదటిరోజే చెప్పుండాల్సింది. ఈ విషయంలో నాకింకా కోపమే.

ఇక్కడి మాట గుమ్మం దాటదని కూడా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. దాటింది. అమ్మ చివరి రోజుల గురించి నేను గ్రూపులో అన్న మాట మా కొలీగ్ భార్య నోటినుంచి విన్నాను. 2017 మానసిక ఆరోగ్య చట్టం వైద్యం చేసేవాళ్ల నోరు కట్టేస్తుంది గానీ, పక్క కుర్చీలో ఉన్నవాడు ఇచ్చేది ఒట్టి మాటే. అసలే మనవాళ్లు టీ గ్లాసు చేతికి రాగానే "మీదేవూరు సార్?" అంటారు, రెండు నిమిషాల్లో చుట్టరికం తేలుతుంది. ఆ తర్వాత రెండు నెలలు నేను అక్కడ ఎండలూ వానల గురించే మాట్లాడాను. ఇప్పటికీ ఊళ్లూ పేర్లూ ఎత్తను.

చేరాలా అని అడిగితే ఏం చెప్పను? నాకు శనివారం ఖాళీ, చోటు మెట్రోలో మూడు స్టేషన్ల దూరం, బద్ధకిస్తే తోలే భార్య ఉంది. ఇవి లేకపోతే రెండో నెలలోనే మానేసేవాణ్ణి. బాధ మరీ పచ్చిగా ఉన్నవాళ్లు మాత్రం ముందు విడిగా డాక్టర్ని చూడాలి. అర్ధరాత్రి మనసు తిరగబడితే శనివారం దాకా ఆగమనలేం కదా, అందుకు టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416.

పోయిన వారం కూడా ఒకాయన మోకాలి నొప్పంటే ఫిజియోథెరపిస్టు నంబరిచ్చాను. అయితే అది మెట్లు దిగుతుండగా. మెట్లకి రూలు వర్తించదని నా వాదన.